తాలింపు పెట్టని ఇల్లు

శివపార్వతి పిసినారి కాదు. ఆ ముక్క ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే పటమటలో వాళ్ళ అపార్ట్‌మెంటుకెళ్ళి ఎవర్నడిగినా, "ఆవిడా? ఎంగిలి చేత్తో కాకిని తోలదండీ" అనే అంటారు. అనేవాళ్ళకేం, నోరుంది, అంటారు. నిజానికి ఆవిడ కొత్తిమీర కట్ట దగ్గర రూపాయి కోసం బేరమాడే మనిషే గానీ, ఇంటికొచ్చిన వాళ్ళని కడుపు నిండా పెట్టకుండా పంపిన పాపాన పోలేదు. ఆ చెడ్డపేరంతా వంటింటి గోడలో ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాను వల్ల వచ్చింది.

ఆ ఫ్యాను గృహప్రవేశం నాటిది. పొయ్యి పైన గోడకి రంధ్రం చేసి బిగించిన ఇనపరెక్కల ఫ్యాను. ఇన్నేళ్ళ వేపుళ్ళ జిడ్డంతా తాగి నల్లగా నిగనిగలాడుతూ, లోడు లారీ వంతెన ఎక్కుతున్నట్టు రొద పెడుతూ తిరిగేది. ఓ ఉదయం దొండకాయ వేపుడు సగంలో ఉండగా గుర్రుమంది, కమురు కంపు కొట్టింది, ఆగిపోయింది.

ఎదురు ఫ్లాటులో ఉండే యాసిన్‌కి మోటార్లు వైండింగ్ చేసే షాపుంది. అతని భార్య నజీరా, శివపార్వతి అక్కాచెల్లెళ్ళ కింద లెక్క. పిలవగానే యాసిన్ లుంగీ మీదే వచ్చి, స్టూలెక్కి, ఫ్యాను విప్పి చూశాడు.

"వైండింగు మాడిపోయిందక్కా. బుష్షులు కూడా అరిగిపోయినయ్. మొత్తం చెయ్యాలంటే పద్నాలుగొందలు అయిద్ది."

"పద్నాలుగొందలా! కొత్తదెంత?"

"ఇంచుమించు అంతే. కానీ ఇప్పుడొచ్చేవన్నీ ప్లాస్టిక్‌వి, మీ వేపుళ్ళ వేడికి ఆర్నెల్లు ఆగవు. ఇది పాతకాలం సరుకు, ఒకసారి చేయిస్తే ఇంకో పదేళ్ళు తిరిగిద్ది. రాగి రేటు అట్టా ఉంది, నేనేం చేసేది?"

"దూడ కంటే పలుపు ఖరీదెక్కువన్నట్టుంది తమ్ముడూ. ఉండు, ఆలోచిద్దాం," అంది శివపార్వతి. ఆలోచిద్దాం అంటే ఆవిడ భాషలో, ఇంకో నలుగురిని రేటు అడిగి వస్తానని అర్థం. అంతకు మించి అప్పటికి ఆవిడ మనసులో ఏమీ లేదు.

సాయంత్రం కోడలు ఉషశ్రీ ఆఫీసు నుంచి వచ్చింది. బెంజ్ సర్కిల్లో ఇన్సూరెన్సు ఆఫీసులో పని. నెమ్మదైన పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల, కానీ వంటింటి సంగతులేవీ పట్టించుకోదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా తెలియదు. అలాంటిది, చెప్పులు విడుస్తూనే అడిగింది.

"ఫ్యాను ఏమైందత్తయ్యా? బాగయిందా?"

మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ మర్నాడు పర్సు తీసుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి, చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని అక్కడే ఆగిపోయింది.

"ఎంతయినా పర్లేదత్తయ్యా, నేనిస్తాను. ఇవాళే చేయించెయ్యండి."

ఆ చున్నీ చూసి శివపార్వతికి చుర్రుమంది. ఇప్పుడు గుర్తుచేసుకుంటే ఒక్కొక్కటీ కళ్ళముందుకొచ్చాయి. పొద్దున్నే పొయ్యి మీద మూకుడు పెట్టగానే ఆ పిల్ల గది తలుపు వేసుకుంటోంది. టిఫిను తినకుండా వెళ్ళిపోతోంది. క్యారేజీ కట్టిస్తే సగం తిరిగొస్తోంది. ఓహో, నా వంట కంపు కొడుతోందన్నమాట! పెళ్ళయిన కొత్తలో ఇదే చేతి గుత్తొంకాయ కూర తిని వేళ్ళు నాకిందే! ఆ పూట శివపార్వతి గిన్నెల్ని దించాల్సిన దానికంటే గట్టిగా దించింది. ఆ చప్పుడు హాల్లో పేపరు చదువుకుంటున్న మొగుడు బసవపున్నయ్యకి వినిపించింది, కారణం తానేనేమోనని ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు.

మర్నాడు పొద్దున పప్పులోకి తాలింపు. నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఇంగువ పడి చుయ్యిమన్నాయో లేదో, లోపల బాత్రూములో కుళాయి ఒక్కసారిగా భళ్ళున తెరుచుకుంది. నీళ్ళు బకెట్లో పడుతున్నాయి. నీళ్ళ చప్పుడు కింద ఇంకో చప్పుడు ఉంది.

శివపార్వతి గరిటె పట్టుకుని కోడలి గదిలోకి రెండడుగులు వేసి ఆగిపోయింది. ఆ కుళాయి సంగతి ఆవిడకు తెలుసు. కొడుకు జయంత్ కడుపులో ఉన్నప్పుడు, కంకిపాడులో, అత్తగారికి వినపడకూడదని ఒక చేత్తో బోరింగు పంపు కొడుతూ మరో పక్క వాంతి చేసుకునేది తను. ఓరి నా బుద్ధి మండ! వేవిళ్ళు! ఇంత వయసొచ్చి, ఇద్దరు పిల్లల్ని కని, ఇది కూడా పోల్చుకోలేకపోయానా!

సంతోషం ఎంత వచ్చిందంటే, ఆ గరిటెతోనే పరిగెత్తి తలుపు కొట్టబోయింది. చెయ్యి ఎత్తింది కూడా. అంతలో అర్థమైంది, ఆ పిల్ల కుళాయి తిప్పింది తనకి వినపడకూడదనే.

ఎందుకో కూడా తెలుసు. కిందటేడు రెండో నెల పడిందని ఉషశ్రీ సిగ్గుపడుతూ చెబితే, శివపార్వతి ఆ మధ్యాహ్నమంతా ఫోను దించలేదు. అవనిగడ్డ మేనత్తల నుంచి గుడివాడ వియ్యాలవారి దాకా అందరికీ తెలిసిపోయింది. పళ్ళు తెచ్చారు, స్వీట్లు తెచ్చారు, పేర్లు కూడా వెతికారు. మూడో నెల నిండకుండానే పోయింది. అప్పుడు ఆ వచ్చినవాళ్ళే మళ్ళీ వరసగా వచ్చి, అదే సోఫాలో కూర్చుని, "మళ్ళీ అయిద్దిలేమ్మా" అని, "మోపిదేవి వెళ్ళి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకోండి" అని తలా ఒకటీ చెప్పిపోయారు. ఆ పిల్ల తల వంచుకుని ఒక్కొక్కరికీ మంచినీళ్ళు ఇచ్చింది. అత్తగారిని పల్లెత్తు మాట అనలేదు. కానీ అప్పట్నుంచీ ఆఫీసు సంగతులు చెప్పేది, ట్రాఫిక్ సంగతులు చెప్పేది, మనసులో మాట మాత్రం చెప్పడం మానేసింది. అదే శివపార్వతికి లోపల ముల్లు.

అందుకని ఈసారి నోరు మెదపకూడదనుకుంది. ఎవరికీ చెప్పకూడదు, ఆ పిల్లని అడగనూ కూడదు. అడిగితే చెబుతుంది, మర్యాదస్తురాలు కాబట్టి చెబుతుంది. అది చెప్పినట్టు కాదు. తనంతట తాను వచ్చి, "అత్తయ్యా, ఇదీ సంగతి" అనాలి. అననీ, ఆనక ఈ నోటికి తాళం తీద్దాం. ఒకవేళ అనలేదనుకో, ఐదో నెలలో కడుపు కనపడ్డాక ఊరందరితో పాటు తనూ తెలుసుకోవాలి. ఆ ఆలోచనకే శివపార్వతికి కళ్ళు చెమర్చాయి.

సరే, ఆనక సంగతి ఆనక. ముందు తాలింపు సంగతి. ఫ్యాను బాగుచేయిస్తే సరిపోదు, ఎందుకంటే అది పొగ లాగుతుంది గానీ వాసనకేం అడ్డం? బాగా తిరిగే రోజుల్లోనే వాళ్ళింటి ఇంగువ వాసన లిఫ్టు దాకా కొట్టేది. తాలింపే మానెయ్యాలి. మానేస్తే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పడానికి లేదు. గోడలో నల్లగా చచ్చి పడి ఉన్న ఫ్యాను వైపు చూసింది శివపార్వతి. అమ్మా తల్లీ, ఎంత మంచి టైములో చచ్చావే, అనుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రకటించింది.

"ఫ్యాను బాగయ్యేదాకా ఈ ఇంట్లో తాలింపు లేదు, వేపుడు లేదు. పొగ పట్టి గోడలు నల్లబడితే రంగులెవరు వేయిస్తారు?"

బసవపున్నయ్య కంచంలో పచ్చగా, బోసిగా ఉన్న పప్పు వైపు చూశాడు. "అయితే బాగుచేయించవే!"

"పద్నాలుగొందలండీ! రాగి రేటు దిగాక చూద్దాం."

"రాగి రేటు దిగేదాకానా? నేను బతికుండగా దిగిద్దా అది? ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో అంతంత బాయిలర్లు నడిపినోణ్ణే, ఇంట్లో మూరెడు ఫ్యాను తిరక్క చప్పిడి కూడు తినాల్సొచ్చిందే!"

ఆయనకి అసలు సంగతి చెప్పొచ్చు కదా అనొచ్చు ఎవరైనా. ఆయన చెవిన వేస్తే మర్నాటి పొద్దున్నే పార్కులో వాకింగు జనం చెవిన వేసినట్టే. ఈ విషయంలో మొగుడూ పెళ్ళాలకి ఈడూ జోడూ బాగా కుదిరింది. అందుకని శివపార్వతి ఆయన కంచంలో ఇంకాస్త నెయ్యి వేసి ఊరుకుంది.

జయంత్ మందుల కంపెనీ ఉద్యోగి, వారంలో సగం ఊళ్ళు తిరుగుతాడు. కరివేపాకు తక్కువైతేనే గోల చేసే ఆ కొడుకు, ఆ రాత్రి తాలింపు లేని పప్పు కలుపుకుని, "బానే ఉందమ్మా" అన్నాడు. ఓరి దొంగా, నీకు తెలుసన్నమాట, అనుకుంది తల్లి. ఉషశ్రీ మటుకు నిమ్మకాయ పిండుకుని మారు అన్నం పెట్టించుకుంది. ఆ పిల్ల మారు అడిగి ఎన్నాళ్ళయిందో! శివపార్వతికి ఆ పూట తను తినకుండానే కడుపు నిండింది.

"నేనిస్తానన్నా కదత్తయ్యా ఫ్యానుకి," అంది ఉషశ్రీ చేయి కడుక్కుంటూ.

"నీ డబ్బులు నువ్వు దాచుకో అమ్మాయ్. ముందు ముందు బోలెడు ఖర్చులుంటయ్." అనేసి నాలిక కరుచుకుంది శివపార్వతి. ఉషశ్రీ చప్పున తలెత్తింది. "అదే, బండికి టైర్లు మార్పించాలన్నావుగా," అని సర్దింది.

అలా జరిగిపోతున్నాయి రోజులు. పప్పుచారు కాచి, పోపు లేకుండా దించింది. బీరకాయ ఆవిరి మీద ఉడికించింది. బసవపున్నయ్య సాయంత్రం వాకింగ్ పేరుతో వెళ్ళి మిరపకాయ బజ్జీలు తిని, మీసాలకి నూనె మెరుస్తుండగా తిరిగొచ్చేవాడు. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకునేది.

ఓ మధ్యాహ్నం నజీరా తలమీద చున్నీ సర్దుకుంటూ వచ్చి, గుమ్మంలోనే నిలబడి, శివపార్వతి రెండు చేతులూ పట్టుకుంది. నజీరా కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి.

"ఎవరక్కా? ఎవరు పోయారు? మాకొక్క మాట చెప్పకూడదా?"

"పోవడమేంటే?"

"నా దగ్గర దాస్తావెందుకక్కా? మీ అత్తగారు పోయినప్పుడు మైల తీరేదాకా మీ ఇంట్లో తాలింపు పెట్టలేదు, అప్పుడు నువ్వే చెప్పావు మీకది ఆచారమని. ఇప్పుడు మళ్ళీ వారం నుంచి మీ వంటింట్లోంచి వాసన లేదు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. బావగారి తరఫు వాళ్ళా?"

శివపార్వతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఎవరూ పోలేదే తల్లీ! ఫ్యాను పోయింది, ఫ్యాను!"

సంగతి విని నజీరా కళ్ళు తుడుచుకుని పకపకా నవ్వింది. "దానికా ఇంత? ఉండు, మీ తమ్ముడితో చెప్తా. రూపాయి తీసుకోకుండా చేసిస్తాడు. నీ చేతి గోంగూర ఎన్నిసార్లు తిన్లేదు మేం?"

"వద్దు!"

అవసరమైన దానికంటే ముందే వచ్చేసింది ఆ మాట. నజీరా నవ్వు ఆగింది.

"వద్దా? ఏం?"

"ఊరికే చేయించుకోవడం నాకిష్టం లేదు."

"పోనీ రాగి డబ్బులే ఇవ్వు."

"వద్దన్నానా నజీరా! నా ఫ్యాను, నా ఇష్టం!"

నజీరా మొహం చిన్నబోయింది. సరే అక్కా నీ ఇష్టం, అని వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో ఆ ఇద్దరి మధ్య గట్టి మాట అదే మొదలు. తలుపు వేసింది శివపార్వతి. నజీరా మనసు నొప్పించాను, ఎట్టా సర్దుకోవాలో ఏమో, అని బాధపడింది. సాయంత్రానికల్లా అపార్ట్‌మెంటంతా ఒకటే మాట: ఊరికే చేసిస్తామన్నా ఆవిడ ఫ్యాను బాగుచేయించుకోదంట, నూనె మిగులుద్దని.

ఆ మాటలు ఆవిడ లెక్కచెయ్యలేదు. ఆవిడని పట్టి పీడించింది ఇంకోటి. నజీరా అన్న మైల మాట. నిజమేగా, చావు జరిగిన ఇంట్లోనే కదా తాలింపు పెట్టనిది. పురుడు పోసుకోవాల్సిన ఇంట్లో ఈ అశుభమేంటి, తెలిసి తెలిసి నేనే చేస్తున్నానా? దేవుడి గూట్లో దీపం పెట్టి, సుబ్రహ్మణ్యస్వామి పటం ముందు చేతులు జోడించి, ఎవరూ వినకుండా చెప్పుకుంది. "స్వామీ, ఇది మైల కాదు. ఫ్యాను రిపేరు, అంతే. నువ్వు కూడా నజీరా లాగా పొరపాటు పడబాక. తప్పుంటే నామీద వెయ్యి, ఆ పిల్ల జోలికి మాత్రం పోబాక." స్వామికి అంతా అర్థమైందో లేదోనని, ఇంకోసారి మొదట్నుంచీ చెప్పింది.

ఆదివారం వచ్చింది. జయంత్ ఊళ్ళో లేడు. ఉషశ్రీ గదిలో పడుకుంది. శివపార్వతి రైతుబజారుకెళ్ళి, రెండు సంచులతో లిఫ్టు దిగిందో లేదో, వినిపించింది. లోడు లారీ వంతెన ఎక్కుతున్న రొద. ఆ వెనకే ముక్కుపుటాలు అదిరే ఘాటు.

పరిగెత్తింది. వంటింట్లో బసవపున్నయ్య బనీను మీద నిలబడి ఉన్నాడు. గోడలో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. పొయ్యి మీద మూకుట్లో గుప్పెడు ఎండుమిరపకాయలు నల్లగా మాడి, ఇల్లంతా మిరప కోరు కమ్మేసింది. వారం పస్తున్న మనిషి చేతికి గరిటె దొరికితే అంతే మరి.

"చూశావా, ఎట్టా తిరుగుతుందో! నా పెన్షన్ డబ్బులు ఇచ్చి యాసిన్‌తో చేయించా. ఇట్టాంటి మోటారే ఒకటి షాపులో ముందే చుట్టి పెట్టాడు, నువ్వు బజారుకెళ్ళగానే వచ్చి బిగించి పోయాడు. ఇవాళ పప్పుకి తాలింపు నేనే..." ఖళ్ళుఖళ్ళుమని దగ్గాడు.

శివపార్వతి సంచులు అక్కడే పడేసింది. టమాటాలు నేలంతా దొర్లాయి. పొయ్యి ఆర్పి, మూకుటి మీద మూత కొట్టి, కిటికీలన్నీ తెరిచి, చేతికందిన పేపరుతో పొగని విసరడం మొదలుపెట్టింది, వీధివైపు, కోడలి గదికి దూరంగా.

"ఎవరు పెట్టమన్నారు మిమ్మల్ని? ఎవరు పెట్టమన్నారు తాలింపు?"

"ఫ్యాను బాగయింది కదే! ఇంకేంటి నీ బాధ?"

ఏం చెప్పాలి? ఇన్నాళ్ళూ కాపాడిన సాకు కాస్తా నెత్తిమీద గిర్రున తిరుగుతోంది. "నూనె!" అంది శివపార్వతి. "నూనె రేటు తెలుసా మీకు? ఇంగువ, మిరపకాయలు, అన్నీ మండిపోతన్నయ్. ఈ ఇంట్లో తాలింపు లేదంటే లేదు!"

బసవపున్నయ్య గరిటె కింద పెట్టాడు. కోపం కూడా రాలేదు ఆయనకి. "ముప్పయ్యేళ్ళు ఉద్యోగం చేశా పార్వతీ. రెండు మిరపకాయలు వేయించుకునే యోగం లేదా నాకు?" అని, చొక్కా తొడుక్కుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

ఆ మాటకి శివపార్వతి దుఃఖం ఆపుకోలేకపోయింది. అయినా పేపరు విసరడం ఆపలేదు. కళ్ళు ఘాటుకి మండుతున్నాయో ఏడుపుకి మండుతున్నాయో తెలియకుండా, ముక్కు ఎగబీల్చుకుంటూ విసురుతూనే ఉంది.

"అత్తయ్యా."

గుమ్మంలో ఉషశ్రీ. మొహం తడిగా ఉంది, జుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో.

"నువ్వెందుకొచ్చావిక్కడికి? పొగ! పో, బాల్కనీలో కూర్చో పో, గాలికి. ఇటు రాబాక!"

ఉషశ్రీ వెళ్ళలేదు. కిటికీల వైపు చూసింది, మూత పెట్టిన మూకుడు వైపు చూసింది, అత్తగారి చేతిలో నలిగిపోయిన పేపరు వైపు చూసింది. టమాటాలు తొక్కకుండా దాటుకుంటూ లోపలికి వచ్చింది.

"మీకొక మాట చెప్పాలత్తయ్యా."

నాకు తెలుసే, నాకెప్పుడో తెలుసు, అన్న మాట శివపార్వతి నాలిక చివరిదాకా వచ్చింది. ఏ కబురైనా ఊళ్ళో తనకే ముందు తెలియాలని, తెలిసిందని అందరికీ తెలియాలని బతికిన మనిషి. మింగేసింది. పేపరు పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"చెప్పమ్మా."

"మూడో నెల దాటింది. నిన్న డాక్టరు చూసి, అంతా బాగుందన్నారు. జయంత్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకి కూడా. భయమేసింది. మీకే ముందు చెబుతున్నా."

ఈ క్షణం వస్తే ఎలా ఆశ్చర్యపోవాలో శివపార్వతి ఎన్నోసార్లు మనసులో అనుకుని పెట్టుకుంది. అదేమీ అక్కర్లేకపోయింది. తెలిసిన కబురే, అయినా ఆ పిల్ల తనంతట తాను వచ్చి, ఎదురుగా నిలబడి, మీకే ముందు అంటుంటే, ఇప్పుడే మొదటిసారి విన్నట్టయింది. స్టూలు మీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

ఉషశ్రీ ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "మీకు ముందే తెలుసు కదా అత్తయ్యా?"

"నాకా?" అంది శివపార్వతి. "నువ్వు చెప్పకుండా నాకెట్టా తెలుస్తది తల్లీ?"

ఉషశ్రీ ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూ ముందుకు వంగి ఆవిడ భుజం మీద తల పెట్టబోయింది. చీరకి ఇంగువ ఘాటు పట్టి ఉంటుందని, మళ్ళీ కడుపులో తిప్పుతుందని శివపార్వతి కంగారుగా వెనక్కి జరగబోయింది. ఉషశ్రీ జరగనివ్వలేదు.